వాసన లేని ఇంట్లో ఆరు రాత్రులు: విశాఖలో ఒక అద్దె ఫ్లాట్ గురించి

మా పెదనాన్నగారి మనవడి పెళ్లి కార్తికమాసంలో విశాఖపట్నంలో జరుగుతుందని శుభలేఖ వచ్చిన రోజున, చీరల గురించీ చదివింపుల గురించీ మాట్లాడుకోవడానికి ముందే మా ఇంట్లో తలెత్తిన ప్రశ్న ఆరు రాత్రులు ఎక్కడ దిగాలన్నది. మా అమ్మాయికి 11 ఏళ్లు. నాలుగో ఏట నుంచి ఉబ్బసం ఉంది. దుమ్ము, చెమ్మ, పొగ ఎలాగూ పడవు, వాటికి మించి సీసాల్లో వచ్చే పరిమళాలు అసలే పడవు. రెండేళ్ల కిందట ఇదే నగరంలో పేరున్న హోటల్లోనే దిగాం. ముందు హాల్లో మల్లెపూల వాసనను గాలిలోకి వదిలే యంత్రం ఒకటి ఉండుండి బుస్సుమంటూ ఉండేది, గదిలో దుప్పట్లు, తువ్వాళ్లు ఫాబ్రిక్ కండిషనర్‌లో నాని గుప్పుమనేవి, స్నానాల గదిలో రంగు బిళ్ల ఒకటి వేలాడుతూ ఉండేది. ఆ రాత్రి రెండు గంటలకు పిల్లికూతలు మొదలై, నెబ్యులైజర్ కోసం ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చింది. హోటల్ వారు అశ్రద్ధ చేశారని నేను ఏనాడూ అనలేదు. వారు చేసినదంతా మర్యాద అనుకునే చేశారు. చిక్కంతా ఆ మర్యాదలోనే ఉంది. పన్నీరు చల్లి, అగరుబత్తి వెలిగించి, నేలకు ఫినాయిల్ వేసి అతిథిని ఆహ్వానించే అలవాటున్న మనకు, ఏ వాసనా లేకుండా ఒక గదిని సిద్ధం చేయడం కూడా ఆదరణేనని తోచడం కష్టం.

అందువల్ల ఈసారి హోటళ్లను పక్కనబెట్టి, రోజుల లెక్కన అద్దెకిచ్చే ఫ్లాట్లలో 'అలర్జీ ఉన్నవారికి అనుకూలం', 'పరిమళ రహితం' అని ప్రకటించుకున్నవాటిని వెతికాను. ఈ మాటలను నమ్మి డబ్బు కట్టకూడదని అనుభవం నేర్పింది. 'హైపోఅలర్జెనిక్', అంటే అలర్జీ తెచ్చే అవకాశం తక్కువ, అనే మాటకు చట్టపరమైన ప్రమాణం ఏదీ లేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. స్వయంగా చెబుతున్నప్పుడు, ఒక అద్దె ప్రకటనలో ఆ మాటకు విలువ ఎంత ఉంటుంది? నలుగురు యజమానులకు ఒకే రకమైన ప్రశ్నలు పంపాను: నేల దేనితో తుడుస్తారు, పక్కబట్టలు దేనితో ఉతుకుతారు, దోమలకు ఏం వాడతారు, గతంలో పెంపుడు జంతువులు ఉన్నాయా, గోడలకు చెమ్మ ఉందా, రంగు ఎప్పుడు వేయించారు, ఇలాంటివి. ఒకరు జవాబు ఇవ్వలేదు. ఒకరు 'మేము లావెండర్ మాత్రమే వాడతాం మేడమ్, అది సహజమైనది' అన్నారు. మూడో ఆయన ఎంతో భరోసాగా, 'రోజూ రూమ్ ఫ్రెషనర్ కొట్టిస్తాం మేడమ్, మీకు ఏ వాసనా రాదు' అని రాశారు. నాలుగో ఆమె రాతలతో సరిపెట్టక ఫోన్ చేసి, నా ప్రశ్నలకు జవాబులు చెప్పి, తిరిగి తానే నన్ను ప్రశ్నించారు. మీరు బట్టలు దేనితో ఉతుకుతారు, తలనూనె ఏది వాడతారు, మీ వెంట వచ్చేవారిలో సెంటు కొట్టుకునేవారు ఉన్నారా, పూజకు అగరుబత్తులు తెచ్చుకుంటారా అని వరుసగా అడుగుతుంటే, ఫ్లాట్ అక్కడే ఖాయం చేసుకున్నాను. అతిథిని జల్లెడ పట్టని యజమాని తన ఇంటిని పరిమళ రహితంగా ఉంచుకోలేరు. ఎందుకంటే మాకు ముందు దిగినవారి సెంటు మా అమ్మాయి దిండులో ఉంటుంది.

ఫ్లాట్ ఎంవీపీ కాలనీలో, రెండో అంతస్తులో, రెండు పడకగదులతో ఉంది. పాతనగరం వైపు ఓడరేవు బొగ్గు ధూళి మీద ఫిర్యాదులు ఏనాటి నుంచో ఉన్నవే కాబట్టి, కల్యాణ మండపానికి కొంచెం దూరమైనా ఇటువైపే మేలనుకున్నాం. తలుపు తీసి లోపల అడుగుపెట్టగానే ఏ వాసనా తగలలేదు. ఇది చదువుతున్నవారికి చిన్న మాటగా అనిపించవచ్చు గాని, అద్దె ఇంటి తలుపు తీసిన క్షణంలో ఊపిరి బిగపట్టి పిల్ల ముఖం చూడటం అలవాటైనవారికి అదెంత పెద్ద మాటో తెలుస్తుంది. మా అత్తగారు మాత్రం గుమ్మంలోనే నిలబడి, 'ఇల్లు తుడిచారంటావా అసలు?' అన్నారు. ఆమె అడగడంలో తప్పేమీ లేదు. తుడిచిన ఇంటికి మనం ముక్కునే సాక్షిగా పెట్టుకున్నాం. నేను తలుపు పైచెక్క మీద, ఫ్యాను రెక్క మీద, మంచం కింద వేలు పెట్టి చూశాను. వేలికి దుమ్ము అంటలేదు.

ఈ ఇంట్లో నన్ను అన్నిటికన్నా మెప్పించినది పడకగది. ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్లు అనే సూక్ష్మ జీవులు మిల్లీమీటరులో మూడో వంతుకు మించవు, కంటికి ఆనవు. మన చర్మం నుంచి రాలే పొట్టును తిని పరుపుల్లో, దిండ్లలో బతుకుతాయి. ఉబ్బసాన్ని రేపేది ప్రధానంగా వాటి విసర్జనలోని ప్రోటీను. మన పెద్దలు బూరుగు దూది పరుపులను ఎండాకాలంలో డాబా మీద వేసి, కర్రతో బాదేవారు. ఎండ వేడికి ఆ జీవులు ఎండి చచ్చేవి, బాదినప్పుడు దుమ్ము కొంత వదిలేది; కానీ చచ్చినవాటి అవశేషాలు లోపల మిగిలితే అలర్జీ అలాగే మిగులుతుంది, పైగా ఆ బాదేవారికి ఉబ్బసం ఉంటే ఆ పూట వారి గతి చెప్పనక్కర లేదు. ఇక్కడ పరుపుకూ, దిండ్లకూ ఆరు వైపులా మూసుకుని జిప్పుతో బిగించే తొడుగులు ఉన్నాయి. మైట్లు గాని, వాటి రేణువులు గాని బయటికి రాలేనంత సన్నని నేత అది. తడిమితే ప్లాస్టిక్‌లా బరబరమనదు, పక్క మీద దొర్లితే చప్పుడు చేయదు. జిప్పు చివర సందు మిగలకుండా పట్టీ అంటించి ఉండటం చూసి, ఈ ఇంటిని ఉబ్బసం తెలిసినవారే అమర్చారని నాకు రూఢి అయింది. యజమానురాలి కొడుక్కి చిన్నతనంలో ఇదే బాధ ఉండేదని తర్వాత మాటల్లో తెలిసింది. దుప్పట్లు, గలీబులు 60 డిగ్రీల వేడినీటిలో ఉతికిస్తారు. చల్లని నీటికి దుమ్ము పోతుంది గాని మైట్లు చావవు. రగ్గులు లేవు, బొమ్మలు లేవు, గుడ్డ సోఫా లేదు. హాల్లో తడిగుడ్డతో తుడవగల రెక్సిన్ సోఫా, కిటికీలకు బరువైన తెరల బదులు చుట్టి పైకి లాగే మడత తెరలు ఉన్నాయి. ఫొటోల్లో ఇవన్నీ చూస్తే ఇల్లు బోసిగా అనిపిస్తుంది. నిజంగానూ బోసిగానే ఉంటుంది. ఆ బోసితనానికే మేము డబ్బు కట్టాం.

సముద్రం పక్క ఊరిలో దుమ్ముకన్నా మొండి శత్రువు చెమ్మ. గాలిలో తేమ 50 శాతం దిగువన ఉంటే డస్ట్ మైట్లు నిలవలేవు, గోడలకు బూజు కూడా పట్టదు. కానీ విశాఖలో ఆ అంకె తనంతట తాను రావడం అరుదు. నా వెంట ఎప్పుడూ ఉండే చిన్న తేమ కొలిచే పరికరాన్ని బల్ల మీద పెడితే, మేము దిగిన సాయంత్రం 69 చూపించింది. గాలిలోని తేమను పీల్చి తొట్టిలోకి దించే డీహ్యుమిడిఫయర్ ఒకటి పెద్ద పడకగదిలో ఉంది. తలుపులు మూసి దాన్ని నడిపితే మూడు గంటలకు 54కు దిగింది, తెల్లవారేసరికి 51 దగ్గర నిలిచింది, తొట్టిలో దాదాపు రెండు లీటర్ల నీరు చేరింది. ఆ నీటిని చూసి మా అత్తగారు, 'ఇదంతా మనం పీల్చే గాలిలోదేనా?' అని ఆశ్చర్యపోయారు. యంత్రం చప్పుడు కొంత ఉంటుంది, నిద్ర పలచనివారికి ఇబ్బందే. రెండో పడకగదికి ఈ యంత్రం లేదు. దాని ఫలితం ఏమిటో తర్వాత చెబుతాను.

గాలిని వడకట్టే యంత్రాల విషయంలో ప్రకటనలు రాసేవారు, చదివేవారు కూడా పొరపాటు పడుతుంటారు. హెపా అనే దట్టమైన ఫిల్టర్ 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులను 99.97 శాతం మేరకు పట్టేస్తుంది. దుమ్ము, పుప్పొడి, పొగలోని నలుసులు దానికి చిక్కుతాయి. వాసన మాత్రం చిక్కదు, ఎందుకంటే వాసన నలుసు కాదు, వాయువు. దాన్ని కొంతైనా పట్టుకోవాలంటే ఉత్తేజిత బొగ్గుతో చేసిన మందపాటి పొర కావాలి, అది నిండిపోయాక మార్చాలి. ఈ ఫ్లాట్‌లో హాల్లో ఒకటి, పెద్ద పడకగదిలో ఒకటి యంత్రాలు ఉన్నాయి. రెండింటిలోనూ హెపాతో పాటు బొగ్గు పొర ఉంది, మార్చిన తేదీ లోపలి అంచున మార్కర్‌తో రాసి ఉంది. కొన్ని అద్దె ఇళ్లలో గత అతిథుల సిగరెట్ వాసన పోగొట్టడానికి ఓజోన్ యంత్రాలు పెడతారు. ఓజోన్ ఊపిరితిత్తులను నేరుగా రేపే వాయువు కాబట్టి, ఉబ్బసం ఉన్నవారు బుక్ చేసేముందు ఆ సంగతి తప్పక అడగాలి. ఇక్కడ అటువంటిదేదీ లేదు. అతిథికీ అతిథికీ నడుమ ఒక పూర్తి రోజు ఇంటిని ఖాళీగా ఉంచి, కిటికీలు తెరిచి, ఫ్యాన్లు తిప్పి వదిలేస్తారు. ఆ ఖాళీ రోజు అద్దె మనమే భరిస్తున్నామన్నది వేరే సంగతి.

పరిమళ రహితం అనే మాటకు నిజమైన పరీక్ష ఉతుకుడు దగ్గర, తుడుపు దగ్గర ఎదురవుతుంది. డబ్బా మీద 'అన్‌సెంటెడ్' అని ఉంటే అందులో పరిమళం లేదని అర్థం కాదు. ముడిసరుకుల వాసనను కప్పిపుచ్చడానికి వేరొక సుగంధ రసాయనాన్ని కలిపి ఉండవచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అనే మాట దానికన్నా నయం, అయినా వెనకవైపు దినుసుల జాబితాలో పర్ఫ్యూమ్, లినలూల్, లిమొనీన్ లాంటి పేర్లు ఉన్నాయేమో చదివి చూసుకోవాలి. ఇక్కడ బట్టలకు పరిమళం కలపని ద్రవ డిటర్జెంట్, నేలకు వేడినీటిలో కాస్త బట్టల సోడా, గాజు తలుపులకు ఉత్త తడిగుడ్డ వాడతారు. వాషింగ్ మెషిన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో ఎవరో ఒక్కసారి సువాసన పొడి వాడినా పది ఉతుకుల దాకా ఆ వాసన పోదు. అందుకని అతిథులు తమ సబ్బుపొడి వాడరాదన్న నిబంధన యంత్రం మీదే అంటించి ఉంది. నేను ముక్కు దగ్గర పెట్టి చూశాను, రబ్బరు వాసన తప్ప మరేమీ లేదు. సింకులోను, అల్మారాల్లోను కలరా ఉండలు లేవు. ఈ ఒక్క విషయానికే యజమానురాలికి నమస్కారం చేయాలనిపించింది. నాఫ్తలీన్ ఘాటు ఉబ్బసం ఉన్నవారిని బాధించడమే కాదు, జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకు ఎర్ర రక్తకణాలు చిట్లే ప్రమాదం కూడా తెస్తుంది, అయినా మన ఇళ్లలో అవి లేని బీరువా అరుదు.

మూడో రోజు ఉదయం ఇల్లు తుడవడానికి వచ్చిన ఆమెను, ఇక్కడ పనిచేయడం మిగతా ఇళ్లకన్నా కష్టమా అని అడిగాను. 'కష్టం కాదు గానమ్మా, ఫినాయిల్ ఎయ్యకపోతే కడిగినట్టు ఎవులికి తెలుస్తాది?' అన్నారామె. మొదట్లో పనిచేసినవారు యజమానురాలు చూడకుండా ఒక మూత ఫినాయిల్ బకెట్లో వేసేవారట, అది దొంగతనంగా చేసిన మేలు అన్నమాట. ఆ తర్వాతే ఈమెను కుదుర్చుకుని, ఈ ఇంటికి వచ్చే రోజున తలకు వాసన నూనె రాసుకోవద్దని, పూలు పెట్టుకోవద్దని ఒప్పించి, అందుకు జీతంలో కొంత కలిపి ఇస్తున్నారు. ఖరీదైన యంత్రాలు ఎన్ని కొన్నా, ఈ ఇంటి మాట నిలబెడుతున్నది ఆ బకెట్టులో ఏమీ కలపని ఆమె చేయి అని నాకు అనిపించింది. ఆమె సెలవు పెట్టిన వారంలో ఏమవుతుందని అడిగితే, తానే వచ్చి తుడుస్తానని యజమానురాలు చెప్పారు.

నిబంధనల్లో తెలుగు కుటుంబాలకు మింగుడుపడనిది పూజ సంగతి. అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం మూడూ నిషిద్ధం; నువ్వుల నూనెతో దీపం పెట్టుకోవచ్చు, అదీ వంటగది కిటికీ పక్కన, చిమ్నీ నడుస్తుండగా. కార్తికమాసంలో ఈ షరతు విని మా అత్తగారు ఒక పూటంతా ముభావంగా ఉన్నారు. రెండో రోజున మావారిని వెంటబెట్టుకుని పూర్ణా మార్కెట్‌కు వెళ్లి, చామంతులు, మల్లెలు, లిల్లీలు అన్నీ దాటుకుంటూ కనకాంబరాల మాల కొనుక్కొచ్చారు. పూలన్నిటిలో వాసన లేనివి అవేనని ఆమెకు తోచింది, నాకు తోచలేదు. దేవుడి పటానికి అదే మాల, పెళ్లి రోజున మా అమ్మాయి జడలో అదే మాల. పరిమళం వద్దన్న చోట పూజ ఎలా చేయాలో ప్రకటనలో రాసే సలహాలకన్నా ఆమె కనిపెట్టిన ఉపాయమే మేలు కనుక ఇక్కడ రాస్తున్నాను.

దోమల విషయం క్లుప్తంగా చెబుతాను. ఒక దోమల కాయిల్ కాలి ముగిసేసరికి వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. ప్లగ్గులో పెట్టే ద్రవాల్లో పొగ లేకపోయినా మందూ పరిమళమూ రెండూ గాలిలోకే వస్తాయి. ఈ ఫ్లాట్‌లో కిటికీలన్నిటికీ సన్నని జాలీలు, మంచాలకు దోమతెరలు, ఒక దోమల బ్యాటు ఉన్నాయి. హాలు బాల్కనీ జాలీ ఒక మూల ఊడి ఉంది. ఆ మూలను మేమే టేపుతో అతికించుకున్నాం. రోజుకు రెండు మూడు దోమలు తప్పలేదు.

ఇక అసలు లోపం. రెండో రోజు రాత్రి ఎనిమిదిన్నరకు, గాలి హాయిగా ఉందని పడకగది కిటికీ తెరిచాం. పది నిమిషాల్లో గదంతా చిక్కటి, తీయటి, తల దిమ్మెక్కించే వాసనతో నిండింది. ఏ అతిథో సెంటు సీసా పగలగొట్టాడేమో అన్నంత ఘాటు. అమ్మాయికి దగ్గు మొదలైంది, ఇన్‌హేలర్ రెండు పీల్పులు ఇవ్వవలసి వచ్చింది. కిందికి దిగి చూస్తే ప్రహరీ పక్కనే నిండా పూసిన ఏడాకులపాల చెట్టు. వీధి చివర మరో రెండు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరంలోని పచ్చదనాన్ని ఊడ్చేసిన తర్వాత, త్వరగా ఎదుగుతుందని, పాలు కారే చెట్టు కాబట్టి పశువులు ముట్టవని దీన్ని వీధివీధినా నాటారు. ఇప్పుడు చలికాలం మొదట్లో పూత కాలం వచ్చిందంటే రాత్రిపూట ఆ ఘాటుకు ఆయాసం వస్తోందన్న నగరవాసుల ఫిర్యాదులు పత్రికల్లో కనిపిస్తుంటాయి. ఒకప్పుడు దీని కర్రతో బడిపిల్లల పలకలు చేసేవారు, శాస్త్రీయ నామంలోని 'స్కాలరిస్' అక్కడి నుంచి వచ్చిందే. చెట్టు మీద నాకు కోపం లేదు. కానీ సబ్బుబిళ్ల పేరు దగ్గర నుంచి దిండు గలీబు దాకా వివరించిన ప్రకటనలో, పరిమళ రహితమని చెప్పుకునే ఇంటి గోడకు ఆనుకుని ఉన్న నగరంలోకెల్లా ఘాటైన పూలచెట్టు ప్రస్తావనే లేదు.

ఫోన్ చేస్తే యజమానురాలు బుకాయించలేదు. 'నిజమేనండీ, రాస్తే ఆ రెండు నెలలూ ఎవరూ రారేమోనని రాయలేదు. మీకు ఫోన్‌లోనైనా చెప్పవలసింది' అన్నారు. ఆ రాత్రి నుంచి సాయంత్రం ఆరు దాటితే కిటికీలు మూసేసి, గాలి యంత్రాన్ని పెద్ద వేగంలో పెట్టుకున్నాం. బొగ్గు పొర పుణ్యమా అని అరగంటలో వాసన పలచబడేది, పూర్తిగా పోయేది కాదు. మళ్లీ పగలు తొమ్మిది గంటలకు తెరిచేవాళ్లం. ఉబ్బసం ఉన్నవారు ఈ నగరంలో ఎక్కడ దిగినా, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా కిటికీ బయట ఏ చెట్టు ఉందని అడగడం మంచిది.

రెండో లోపం చెమ్మకు సంబంధించింది. మావారు, అత్తగారు పడుకున్న చిన్న గదిలో స్నానాల గదికి ఆనుకున్న గోడకు అల్మారా ఉంది. నాలుగో రోజున బట్టలు తీస్తుంటే పాత పుస్తకాల వాసన లాంటిది తగిలింది. టార్చి వేసి చూస్తే వెనక చెక్క మీద అరచేయంత మేర నల్లని బూజు మచ్చలు. స్నానాల గదిలోని ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోంది గాని లాగడం లేదు; దాని ముందు కాగితం ముక్క పెట్టి చూశాను, అంటుకోలేదు. పెద్ద గదికి డీహ్యుమిడిఫయర్ కొన్నవారు చిన్న గది ఫ్యానును పట్టించుకోకపోవడం విచిత్రమే. ఫొటో పంపిన రోజు సాయంత్రమే మనిషిని పంపి అల్మారాను ఖాళీ చేయించి తలుపులకు తాళం వేయించారు. మేమున్నప్పుడు గీకించడం, మందు కొట్టించడం వద్దని నేనే చెప్పాను, ఎందుకంటే బూజును కదిపితే దాని రేణువులు గదంతా లేస్తాయి. ఒక రాత్రి అద్దెలో సగం తగ్గించారు. అడగకుండానే తగ్గించారు.

వంటగది శుభ్రంగా ఉంది. గ్యాస్ పొయ్యి ఉన్నా ఇండక్షన్ పొయ్యి వేరుగా ఇచ్చారు, స్టీలు గిన్నెలు, కొత్త గరిటెలు ఉన్నాయి. అయితే 'అలర్జీ అనుకూలం' అన్న మాటను తిండి అలర్జీలకు కూడా వర్తిస్తుందనుకుని వేరుశనగ పడనివారు ఎవరైనా బుక్ చేస్తే పొరపాటు. మిక్సీ జార్లు అందరు అతిథులకూ అవే. పల్లీ చట్నీ రుబ్బని తెలుగు కుటుంబం ఏది? మూత రబ్బరు కింద ఎండిన తెల్లని పొర నాకు కనిపించింది. అటువంటివారు సొంత మిక్సీ జారు, సొంత బాణలి తెచ్చుకోవాలి, లేదా యజమానురాలు ఆ మాటను ప్రకటనలో విడమరచి రాయాలి.

యజమాని చేతిలో లేనివి కొన్ని ఉన్నాయి, వాటికి మార్కులు తగ్గించను. లిఫ్టులో ఉదయం ఎనిమిది నుంచి పది దాకా ఆఫీసులకు వెళ్లేవారి సెంట్లు కలగలిసి ఉంటాయి; మేము మెట్ల మీద నుంచే దిగాం. పౌర్ణమి రాత్రి కింది వాటాల వారు 365 వత్తులు వెలిగించారు, నేతి పొగ మెట్ల దారంతా నిండింది. తలుపు అడుగున గాలి దూరకుండా రబ్బరు పట్టీ బిగించి ఉండటంతో లోపలికి రాలేదు. ఆ పట్టీ ఖరీదు రెండు మూడు వందలు మించదు, ఏ హోటల్ గదికీ నేను దాన్ని చూడలేదు.

అద్దె రాత్రికి 3,800 రూపాయలు, శుభ్రపరిచే ఖర్చు మొత్తం బసకు 1,200, వాసన నిబంధన ఉల్లంఘిస్తే మినహాయించుకునే డిపాజిట్ 5,000. అదే కాలనీలో ఇదే పరిమాణంలో మామూలు ఫ్లాట్లు 2,500 దగ్గర దొరుకుతున్నాయి. పెళ్లికొచ్చిన బంధువులు 'గదిని చూడటానికి' వస్తామంటే నేను వద్దనవలసి వచ్చింది, ఎందుకంటే డిపాజిట్ పోయేది మాది, దగ్గు వచ్చేది మా అమ్మాయికి. మా పిన్ని ఒకరు దానికి నొచ్చుకున్నారు కూడా. బంధుబలగం వచ్చిపోతూ ఉండాలనుకునేవారికి ఈ ఇల్లు పనికిరాదు. ఆరు రోజుల్లో మా అమ్మాయికి రోజువారీ మందు కాక ఇన్‌హేలర్ అదనంగా అవసరమైనది రెండుసార్లు: ఒకటి ఏడాకులపాల రాత్రి, రెండోది కల్యాణ మండపంలో పన్నీరు జల్లినప్పుడు. మండపం నుంచి ఇంటికి వచ్చి, స్నానం చేసి, ఆ తొడుగుల పక్క మీద పడుకున్న అరగంటకు పిల్లికూత తగ్గింది. ఒక పిల్ల ఆరు రోజుల అనుభవంతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. రెండేళ్ల కిందటి రాత్రితో పోల్చకుండా ఉండటం మాత్రం నా వల్ల కాలేదు.

నా లెక్కలో పడకగదికి, ఉతుకుడు, తుడుపు పద్ధతికి పదికి పది. చిన్న గదికి నాలుగు. ప్రకటనలోని నిజాయితీకి ఆరు ఇచ్చాను, చెట్టు లేకపోతే తొమ్మిది ఇచ్చేదాన్ని. తిరిగి వచ్చిన మూడు వారాలకు యజమానురాలు రెండు ఫొటోలు పంపారు. మొదటిది అల్మారా వెనక చెక్క తీసేసి, గోడ ఎండబెట్టించి, కొత్త ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించినది. రెండోది ప్రకటనలో కొత్తగా చేర్చిన వాక్యం: 'అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు సాయంత్రాలు ప్రహరీ పక్కన ఉన్న ఏడాకులపాల చెట్టు పూల వాసన ఘాటుగా ఉంటుంది.' వచ్చే మాఘమాసంలో మావారి స్నేహితుడి గృహప్రవేశానికి మళ్లీ విశాఖ వెళ్లాలి. పెద్ద పడకగది కావాలని రాసి, అదే ఫ్లాట్‌కు మూడు రాత్రులకు డబ్బు కట్టేశాను. మా అత్తగారు కనకాంబరాల సంగతి ఇప్పుడే గుర్తుచేశారు.